తేనెత్రాడు

నల్లమల కొండలలో కొన్ని చరియలు గోడ కట్టినట్లు నిటారుగా నిలిచియుండును. మేక సైతము కాలు మోపలేని ఆ చరియల నడుమ కొండతేనెటీగలు పెద్ద పెద్ద పట్టులు పెట్టును. చెంచువాడు ఆ తేనెకై చరియమీదినుండి త్రాటిని క్రిందికి విడిచి, దానిని పట్టుకొని దిగును. అడుగున లోయ. ముఖము చుట్టును పొగ, ఈగల రొద. చేతిలో కత్తి, బుట్ట. పైన త్రాటి మొదటికడ ఒకడు కావలి యుండవలెను. వాడు ఏమరినను, వాని మనస్సున చెడ్డ ఆలోచన పుట్టినను, క్రిందివాని బ్రతుకు అంతటితో సరి.

ఆ కావలివాడెవడు? తోడబుట్టిన అన్నదమ్ముడు కాదట. భార్యతోడ పుట్టినవాడు, అనగా బావమరదియట. చెంచులను గూర్చి ఈ మాట చాలమంది చెప్పుకొందురు. అన్నదమ్ముల నడుమ ఏ తగవైనను రావచ్చును గాని, తన అక్కచెల్లెండ్ర పసుపుకుంకుమలు తుడిచిపెట్టు పని బావమరది చేయడట.

ఈ మాట విని 'ఔరా!' యని ఊరకుండువారు వేయిమంది యుందురు. 'నిజముగా అట్లేనా? అట్లయినచో ఏల? అన్ని గూడెములలోను ఇంతేనా?' అని అడుగువారు ఎక్కడనో ఒక్కరు. అట్లు అడుగువారి కొరకు ఏర్పడిన చదువు ఒకటి కలదు. దానిని మానవశాస్త్రమందురు. మనుష్యుడు ఎట్లు పుట్టి పెరిగి ఈ రూపు దాల్చెను, ఎన్ని విధములుగా కూడి బ్రతుకుచున్నాడు, ఎవరిని ఏమని పిలుచును, ఎవరితో కలిసి తినును, ఎవరికి పిల్లనిచ్చును, చచ్చినవారిని ఏమి చేయును — ఇవి ఆ శాస్త్రమునకు విషయములు. విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునందును, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందును ఈ శాస్త్రమునకు శాఖలున్నవి. ఎం.ఏ. ముగించిన వెనుక ఒక ప్రశ్నను పట్టుకొని కొన్ని సంవత్సరములు పాటుపడి గ్రంథము వ్రాసినవారికి డాక్టరు పట్టము నిత్తురు.

ఆత్మకూరు దాపున మెట్టపొలముల గ్రామము నుండి ఒక అమ్మాయి ఈ పట్టమునకై బయలుదేరినదనుకొందము. ఆత్మకూరు చిరకాలము కర్నూలు జిల్లాలోనిది. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరెను. ఊరికి తూర్పున నల్లమల. పడమట శనగ, జొన్న పండు చేలు. తండ్రి ఆకాశము వంక చూచి విత్తనము వేయువాడు. కూతురు ఎం.ఏ. ముగించుకొని వచ్చి, ఇంకను చదివెదనన్నప్పుడు అతడు అడుగు మాట ఒక్కటే: "ఇంకా ఎన్నేండ్లమ్మా? అది అయినాక ఏం ఉద్యోగం?"

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. రాయలసీమ కరవెరిగిన సీమ. 1876 మొదలు 1878 వరకు వచ్చిన క్షామమును ధాత కరవని చెప్పుకొనిరి. ఆ పేరు మనుమల మనుమలకు కూడ చేరినది. అట్టి నేలమీద నాలుగైదేండ్ల చదువనగా నాలుగైదు పంటల కాలము. ఇంటిలో ఒకరు సంపాదింపక కూర్చుండుట ఎంత బరువో ఆ ఇంటివారికే తెలియును. ఉద్యోగములు లేకపోలేదు. కళాశాలలలో ఉపాధ్యాయ పదవులు కలవు. 1945లో స్థాపించిన భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ కలదు. వస్తుప్రదర్శనశాలలును, గిరిజన సంక్షేమ శాఖయు కలవు. కాని అవి వేలకొలది లేవు. అన్నిటిని మించి, ఊరివారికి ఈ చదువు పేరే తెలియదు. మనుష్యుల శాస్త్రమనగా వైద్యమనుకొని మోకాలి నొప్పికి మందడిగెడివారును ఉందురు.

అయినను తండ్రి ఒప్పుకొన్నాడనుకొందము. ఒప్పుకొనకపోయినచో ఈ కథ సాగదు.

ఆమెకు మొదటి ఆశ్చర్యము అడవిలో కాదు, తన యింటిలోనే ఎదురగును. 1871లో అమెరికా దేశమున రోచెస్టరు నగర న్యాయవాది లూయీ హెన్రీ మోర్గన్ చుట్టరికపు పేర్లను గూర్చి ఒక బృహద్గ్రంథము ప్రకటించెను. లోకములోని అనేక జాతులవారు తల్లిని, తండ్రిని, మేనమామను, మరదలిని ఏమని పిలుతురో లేఖలు వ్రాసి తెప్పించుకొని పట్టికలు వేసెను. ఆ పట్టికలలో తమిళ, కన్నడ పదముల సరసన తెనుగు పదములును ఉన్నవి. ఆత్మకూరి అమ్మాయి ఆ పుట తెరచి చూచునప్పటికి, తన ఇంటి వంటగదిలో దినమును వినబడు పిలుపులు నూటయేబదేండ్ల క్రిందట సముద్రములు దాటి అచ్చుపడి కనబడును.

మోర్గనును వింతపరచినదేమి? ఇంగ్లీషువారికి తండ్రి సోదరుడును, తల్లి సోదరుడును ఒక్క పేరే. మనకట్లు కాదు. తండ్రి సోదరుడు పెదనాయన, చిన్నాయన. ఆయన బిడ్డలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. తల్లి సోదరుడు మేనమామ; ఆయన బిడ్డలు బావలు, బావమరదులు, వదినెలు, మరదండ్రు. ఒకవైపు పెండ్లి తలపరాదు. రెండవవైపు పెండ్లి పూర్వాచారము. కనుక 'బావా' యను ఒక్క పిలుపులో, ఎవరి యింటికి పిల్లనియ్యవచ్చునో చెప్పు ధర్మశాస్త్రమంతయు ఇమిడియున్నది. బడి మెట్టెక్కని అవ్వకు కూడ ఈ లెక్క తప్పదు. ఏబదిమంది బంధువులు పందిటిలో కూర్చుండగా, ఎవరు ఎవరికి ఏమగుదురో ఆమె తడుముకొనక చెప్పును. దానినే 1898లో టారెస్ జలసంధి ద్వీపములకు వెళ్ళిన రివర్సు అను ఆంగ్లేయుడు ఒక పద్ధతిగా చేసెను. ఊరిలోని ప్రతి యింటి వంశవృక్షమును పేర్లతో గీసికొని, ఆ పటము ముందుంచుకొని తక్కిన ప్రశ్నలడుగుట ఆ పద్ధతి. నేటికిని పరిశోధక విద్యార్థి గూడెములో చేయు మొదటి పనులలో అది యొకటి.

చెంచులకును ఇంటిపేర్లున్నవి: చిగుర్ల, కాట్రాజు, ఉడతనూరి మొదలైనవి. ఒకే ఇంటిపేరువారు పెండ్లాడరు. అన్నదమ్ములది ఒకే ఇంటిపేరు, బావమరదిది వేరొకటి. ఇప్పుడు మరల ఆ తేనెత్రాటిని చూడుడు. అది ఇద్దరు మనుష్యుల నడుమ త్రాడు మాత్రమే కాదు. రెండిండ్ల నడుమ త్రాడు. ప్రశ్నకు జవాబు వచ్చినట్లే అనిపించును. ఈ శాస్త్రములో ప్రమాదమంతయు అచ్చటనే యున్నది. గదిలో కూర్చుండి అందముగా అల్లిన జవాబు అడవిలో నిలుచునా, నిలువదా యన్నది చూచినగాని తెలియదు.

చూడవలెనన్న సంగతి మొదట ఎవరికిని తోచలేదు. కొలువవలెనని తోచినది. చెన్నపట్టణపు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు ఎడ్గారు థర్‌స్టన్ అను దొర 1885లో అధికారియయ్యెను. ఆయన దక్షిణదేశమంతయు తిరిగి మనుష్యుల తలలను, ముక్కులను కొలకరతో కొలిచి అంకెలు వ్రాసికొనెను. ముక్కు కొలతనుబట్టి జాతి తెలియునని ఆనాటివారి నమ్మకము. వయనాడులో పణియ స్త్రీలు ఆయనను చూచి పరుగెత్తి పారిపోయిరట. తమలో చక్కనివారిని చంపి, గడ్డి కూరి, చెన్నపట్టణపు అద్దాల బీరువాలలో నిలుపుటకు వచ్చినాడని వారి భయము! ఈ సంగతి ఆయనయే వ్రాసికొనెను. ఆయన రంగాచారిగారి సహాయమున 1909లో ప్రకటించిన ఏడు సంపుటములు నేటికిని పరిశోధకుల బల్లలమీద నున్నవి. చెంచులు కూడ వానిలో నున్నారు. ఆ గ్రంథములోని శ్రమను కాదనరాదు. అయినను పారిపోయిన ఆ స్త్రీల భయములో కొంత న్యాయము లేకపోలేదు. బీరువాలో నిలుపకున్నను, మనుష్యుని ఒక మచ్చుతునకగా చూచు చూపు వారికి ముందే తెలిసినది.

కొలకర చేతబట్టియే దానిని ఓడించిన విద్యార్థిని యొకతె కలదు. ఇరావతీ కర్వే 1905లో బర్మాలో పుట్టిన మహారాష్ట్ర స్త్రీ. 1928 ప్రాంతమున ఆమె బెర్లిను నగరమునకు వెళ్ళి యూజెన్ ఫిషర్ అను ఆచార్యునివద్ద డాక్టరు పట్టమునకై చేరెను. ఫిషరు జాతుల హెచ్చుతగ్గులను నమ్మినవాడు. తెల్లవారి పుర్రెలో రెండు ప్రక్కలును సమానముగా నుండవనియు, వారి తర్కబుద్ధికి అదియే గుర్తనియు ఆయన ఊహ. దానిని స్థాపించుటకు శిష్యురాలికి పుర్రెల నిచ్చెను. ఆమె 149 పుర్రెలను కొలిచెను. తెల్లవారి పుర్రెలకును తక్కినవారి పుర్రెలకును ఆ విషయమున భేదమేమియు కానరాలేదు. పరదేశము, ఒంటరి స్త్రీ, పట్టము గురువు చేతిలో నున్నది. గురువు కోరిన జవాబు ఏదియో ఆమెకు తెలియును. అంకెలు చెప్పిన జవాబునే ఆమె వ్రాసెను. గురువు ఆమెను ఉత్తీర్ణురాలిని చేసెను గాని, అందుకు తగిన అతి తక్కువ శ్రేణి నిచ్చెనని ఆమె చరిత్రకారులు చెప్పుదురు. ఆ శ్రేణి ఏదియో నేడు ఎవరికి కావలెను? తరువాత ఆమె పూనాలోని డెక్కను కళాశాలలో పనిచేసి, 1953లో భారతదేశపు బంధుత్వములనుగూర్చి వ్రాసిన గ్రంథములో మన మేనరికములకును తావిచ్చెను.

ఇక అడవికి పోవుదము. కృష్ణానదికి ఈవల శ్రీశైలము. ఆవల అమ్రాబాదు పీఠభూమి. నల్లమల రెండు ఒడ్డులను వ్యాపించియున్నది. ఆవలియొడ్డు పూర్వము నిజాము రాజ్యము, నేడు తెలంగాణములోని నాగర్‌కర్నూలు జిల్లా. చెంచులు రెండు ఒడ్డులవారును. 1940లో ఆ ఆవలియొడ్డున, చెంచుల గుడిసెల నడుమ ఒక తెల్లదొరయు, ఆయన భార్యయు వచ్చి కాపురముండిరి. ఆయన పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆమె పేరు ఎలిజబెత్తు, ముద్దుపేరు బెట్టీ.

హైమెండార్ఫు 1909లో వియన్నా నగరమున జన్మించెను. 1931లో ఆయనకు డాక్టరు పట్టము వచ్చెను. అస్సాము, బర్మా కొండజాతులను గూర్చి ఆయన వ్రాసిన ఆ గ్రంథమంతయు వియన్నా గ్రంథాలయములలోని పుస్తకములనుండి వ్రాసినదే. ఆ జాతులలో ఒక్క మనుష్యుని అప్పటికాయన చూడలేదు. పట్టము వచ్చిన తరువాత చదువు మొదలుపెట్టినవారిలో ఆయన యొకడు. 1935లో లండనుకు పోయి మాలినోవ్‌స్కీ యను ఆచార్యుని చర్చాగోష్ఠిలో కూర్చుండెను. అక్కడ విన్న ఉపదేశము సులభమైనది, ఆచరణకు కష్టమైనది. ఊరిబయట గుడారము వేసికొని ప్రశ్నలు పంపుట చాలదు. ఊరిలో ఉండుము, వారి భాష నేర్చుకొనుము, వారి దినచర్యలో కలిసిపొమ్ము, చూచినది ఆ దినముననే వ్రాసిపెట్టుము.

మాలినోవ్‌స్కీ ఆ పాఠమును యుద్ధమువలన నేర్చుకొనెను. ఆయన పోలెండువాడు, పుట్టుకచే ఆస్ట్రియా ప్రజ. 1914లో మొదటి ప్రపంచయుద్ధము మొదలైనప్పుడు ఆస్ట్రేలియాలో చిక్కుకొనెను. బ్రిటిషువారికి ఆయన శత్రుదేశీయుడు. ఇంటికి పోలేక, 1915 మొదలు 1918 వరకు రెండు విడతలుగా ట్రోబ్రియాండు ద్వీపములలో నివసించి, ఆ ద్వీపవాసులను గూర్చి 1922లో గొప్ప గ్రంథము ప్రకటించెను. దైవఘటన యేమోగాని, శిష్యునికిని అదే జరిగెను. ఆస్ట్రియాను హిట్లరు జర్మనీలో కలుపుకొన్నందున హైమెండార్ఫు చేతిలోనిది జర్మనీ పాసుపోర్టు. 1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు ఆయన భారతదేశమున నుండెను. శత్రుదేశీయుడని ఆయనను పట్టుకొని, హైదరాబాదు రాజ్యము దాటిపోరాదని కట్టడి చేసిరి. చెరసాలకు బదులు చెంచుల గుడిసెలు దొరకినవి. ఒక యుద్ధము గురువును ద్వీపమునకు, మరియొక యుద్ధము శిష్యుని నల్లమలకు చేర్చినవి. చెంచులను గూర్చి ఆయన గ్రంథము 1943లో వెలువడెను.

ఆ గ్రంథములోని చెంచులు విత్తనము వేసి కోతకై ఎదురుచూచువారు కారు. ప్రొద్దున లేచి, గడ్డలు త్రవ్వు కోల పట్టుకొని, ఆ దినపు కూడు ఆ దినమున వెదకికొందురు. గడ్డలు, ఆకులు, పండ్లు, వేసవిలో ఇప్పపూలు, వేటలో చిక్కినచో మాంసము. కుక్క తోడు, విల్లంబులు ఆస్తి. స్త్రీ తెచ్చుకొన్న గడ్డ స్త్రీది. మగవాని దయమీద ఆమె బ్రతుకు ఆధారపడలేదు. వారి దేవతలలో గారెల మైసమ్మ యొకతె. వేట దొరకునట్లు చేయునది ఆమెయే. ఈవలియొడ్డున శ్రీశైల మల్లన్న చెంచుల అల్లుడు. అహోబిలములో నరసింహస్వామి చెంచులక్ష్మిని వలచి పెండ్లాడినవాడు. పెద్దపెద్ద గుడులలోని దేవుండ్రు వారియింటి అల్లుండ్రయిరి. ఆ మామగారి గుడిసె మాత్రము గడ్డికప్పుతోనే నిలిచినది.

ఆ కాపురమువలన ఒక చిన్న మాటకైనను విలువ యెట్లు వచ్చునో చెప్పవలెను. అమ్రాబాదు వైపున చెంచుల నివాసమును 'పెంట' యందురు. మైదానపువారికి పెంటయనగా ఎరువుకుప్ప. ఆ పేరు విని నవ్విన పట్టణవాసులు ఎందరో! వారికి ఆ నవ్వుతోనే చెంచుల సంగతి ముగియును. ఆ మాట వారి నోట ఏమి అర్థముతో పలుకుచున్నదో కనుగొనువానికి మొదలగును. ఆత్మకూరి వైపున దానిని గూడెమనియే అందురు.

మన అమ్మాయి గూడెమునకు చేరుట అంత సులభము కాదు. పులుల సంరక్షణకై 1983లో శ్రీశైలము–నాగార్జునసాగరు అభయారణ్యమును ప్రత్యేకించిరి. అటవీశాఖ అనుమతి కావలెను. విశ్వవిద్యాలయములో మార్గదర్శకుడైన ఆచార్యుడు ఆమె పరిశోధన ప్రణాళికకు ఒప్పుకొనవలెను. ఇవి కాగితపు పనులు. కాలము పట్టును గాని ముగియును. అసలు అనుమతి గూడెమువారిది. 'ఈ పిల్ల ఏ శాఖ నుండి వచ్చినది? రేషను కార్డు తెచ్చినదా? ఎవరినైనను పట్టియిచ్చునా?' అని వారు చూతురు. నెలకు పైగా ఎవరును మనస్సు విప్పకపోవచ్చును. ప్రశ్నలపట్టిక సంచిలోనే మాసిపోవును.

ఏదో ఒక ఉదయమున ఒక ముసలి అవ్వ, "ఊరికే కూర్చుంటే కడుపు నిండుతుందా, రా బిడ్డా" అని గడ్డలు త్రవ్వు కోల ఆమె చేతికిచ్చినదనుకొందము. ఎం.ఏ. చదివిన చేయి మధ్యాహ్నమునకే బొబ్బలెక్కును, దొరకినది గుప్పెడు. అవ్వ బుట్ట నిండియుండును. ఏ తీగ క్రింద గడ్డ యున్నది, ఏది ఉడికించి తినవచ్చును, తల్లితీగ చావకుండ ఎంతమేర త్రవ్వవలెను — ఇవన్నియు అవ్వకు నోటికి వచ్చును. ఆ సాయంకాలము అమ్మాయి ఆ యింటిలో పెట్టినది తినినదా లేదా యన్నది గూడెమంతయు చూచును. మైదానపు గ్రామములలో చెంచులను దూరముగా నిలుపు ఇండ్లు కలవు. ఆ ఇండ్ల మధ్య పెరిగిన పిల్ల ఆకు ముందు కూర్చుండుట ఒక పరీక్ష. దానికి మార్కులు విశ్వవిద్యాలయము వేయదు.

రాత్రి దీపము ముందు ఆ దినమున చూచినదంతయు వ్రాయవలెను. అలసటకు మన్నింపు లేదు. రేపటికి సగము మరపునకు వచ్చును. ఎవరు ఎవరిని ఏమని పిలిచిరి, ఎవరు ఎక్కడ కూర్చుండిరి, గిరిజన సహకార సంస్థవారు తేనెకు ఎంత యిచ్చిరి, అంగడివాడు ఎంత యిచ్చెను. సంవత్సరము తిరుగువరకు ఉండవలెనని ఈ శాస్త్రపు సంప్రదాయము. ఇప్పపూలు రాలు వేసవి చూచినవారు తిండి దొరకని వానకాలమును కూడ చూడవలెనుగదా.

అప్పుడే పెద్ద చిక్కు వచ్చును. రక్షితారణ్యములో వేట నిషిద్ధము. ఒక సాయంకాలము ఏదో గుడిసె వెనుక మాంసము పంచుకొనుచుండగా ఆమె కంటబడినదనుకొందము. ఎవరికి ఏ భాగము దక్కెనో చూచినచో చుట్టరికమంతయు తేటపడును. పరిశోధనకు అంతకంటె మంచి అవకాశము రాదు. వ్రాసిన పుట అధికారుల చేతబడినచో, కూడు పెట్టిన ఇంటివాడు న్యాయస్థానపు మెట్లెక్కవలసివచ్చును. పేర్లు మార్చి వ్రాయవచ్చును. కాని ముప్పది గుడిసెల గూడెములో పేరు మార్చిన మాత్రమున ఎవడో తెలియకపోవునా? చూడనిది చూచితినని వ్రాయుట ఈ శాస్త్రమున మహాపరాధము. చూచినదెల్ల అచ్చువేయవలెనన్న నియమము మాత్రము ఎక్కడను లేదు. ఆ పుటను ఆమె చింపి పొయ్యిలో వేయుటయే ఉచితము. ఆచార్యుడు అడిగినను, ఆ భాగము ఖాళీగా నున్నదని చెప్పి ఊరకుండవలెను.

ఇంకొక ప్రశ్న ప్రతి పరిశోధకునకు ఏదో ఒక దినమున ఎదురుపడును. "మా మాటలు వ్రాసుకొని పోయినవాళ్లు చాలామంది వచ్చినారు. నీకు పట్టా వస్తుంది. మాకేం వస్తుంది?" దీనికి బొంకు చెప్పరాదు. ఇల్లు కట్టించుట, భూమి యిప్పించుట ఆమె చేతిలో లేవు. అయితే ఒకటి కలదు. 2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టము చేసెను. తరతరములుగా అడవిపై బ్రతికినవారు తమ హక్కును నిరూపించుకొనుటకు ఏవి సాక్ష్యములో ఆ చట్టపు నియమములలో చెప్పియున్నారు. పెద్దలు చెప్పిన వాఙ్మూలము ఒక సాక్ష్యము. వంశవృక్షము ఒక సాక్ష్యము. పేరుగల సంస్థలు ఆచారములను గూర్చి చేసిన పరిశోధనయు ఒక సాక్ష్యమే. గూడెములో ఆమె గీచిన ఆ వంశవృక్షపు పటము గ్రంథాలయపు అరలో దుమ్ము పట్టుటకు మాత్రమే కానక్కరలేదు. దాని నకలు ఒకటి గూడెములో మిగులవలెను. చాలమంది పరిశోధకులు ఈ పని చేయక వెళ్ళిపోవుదురు. అది సోమరితనము కాదు, అప్పు ఎగవేత.

గ్రంథరచన సంగతి త్వరగా చెప్పవచ్చును. రెండేండ్లు, మూడేండ్లు పట్టును, పరీక్షకులు చదువుదురు, చివర మౌఖిక పరీక్ష. నోటుపుస్తకములే ఈ శాస్త్రజ్ఞుని ప్రాణము. మైసూరు ప్రాంతపు రాంపుర గ్రామమున 1948లో నివసించి ఎం.ఎన్. శ్రీనివాస్ వ్రాసికొన్న విషయములు పదునెనిమిదేండ్లుగా క్రమపరచుకొన్న పిదప, 1970 ఏప్రిలులో అమెరికాలోని స్టాన్‌ఫర్డులో దుండగులు పెట్టిన మంటలో మూడు ప్రతులును కాలిపోయెను. ఆయన జ్ఞాపకమునుండియే ఆ గ్రామమును మరల వ్రాసెను. 1976లో వెలువడిన ఆ గ్రంథమునకు 'జ్ఞాపకములోని గ్రామము' అను అర్థమిచ్చు పేరే పెట్టెను. కాగితము కాలినను గ్రామము మిగిలియుండుటకు, ఆయన అక్కడ ఎట్లు బ్రతికెనో ఊహింపవచ్చును.

హైమెండార్ఫు చెంచులను ఒకమారు చూచి మరచిపోలేదు. వారి కొరకు అడవిలో కొంత భాగమును ప్రత్యేకించవలెనని నిజాము ప్రభుత్వమునకు చెప్పెను. తరువాత లండనులో ఆచార్యుడై, 1976లో పదవి విరమించి, ఆ దశాబ్దమున మరల ఈ అడవులకు వచ్చి, నలుబదేండ్లలో గిరిజనుల బ్రతుకు ఏమయ్యెనో చూచి 1982లో మరియొక గ్రంథము ప్రకటించెను. దానికి పెట్టిన పేరులో బ్రతుకు పోరాటమను మాట యున్నది. 1995లో ఆయన కాలము చేసెను. ఆయన దినచర్య పుస్తకములును, ఛాయాచిత్రములును లండనులో భద్రముగా నున్నవి. వానిలో తమ తాతను గుర్తుపట్టగల చెంచుబిడ్డ లండనుకు పోవుట ఎట్లో!

ఇక త్రాటి ప్రశ్న మిగిలినది. వెళ్ళవలసిన దినము దగ్గరపడగా మన అమ్మాయి దానిని ముగ్గురిని అడిగినదనుకొందము. మొదటివాడు పుస్తకములోని జవాబే చెప్పును: "బావమరిదే పట్టాల." రెండవవాడు తల గోకికొని, "నాకు బావమరిది లేడు. మా చిన్నాయన కొడుకు పట్టుకుంటాడు. ఇంతవరకూ పడలేదు" అనును. మూడవది ఆ గడ్డలు త్రవ్వించిన అవ్వ. ఆమె అరుగుమీద కూర్చుండి నార పేనుచుండును, తల యెత్తదు.

"తాడు పట్టుకునేదెవరని అందరూ అడుగుతారు బిడ్డా. తాడు పేనేదెవరని ఒక్కరూ అడగరు."

ఆ రాత్రి ఆమె దీపమువత్తి పెద్దది చేసి, ఆరు నెలల క్రిందట ఎంతో అందముగా వ్రాసికొన్న అధ్యాయపు మొదటి పుటను కొట్టివేసి, అవ్వ పేరు మార్చి, క్రొత్త పుట తెరచును.